దయ్యముల కథలు చెప్పు పట్టణములో ఒక సాయంకాలము

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 28:3–25, మార్కు 5:1–20, లూకా 24:36–43



దయ్యములను గూర్చి వ్రాయుటకు నేను చాలకాలము వెనుదీసితిని. వ్రాసినయెడల ఉన్న భయము ఎక్కువగునేమో అని ఒక తలంపు. వ్రాయకున్నయెడల మనలో ఆ భయము లేనట్లు నటించినవారమగుదుమని మరియొక తలంపు. మన సంఘములలోని వారు సైతము ప్రొద్దుగూకిన తరువాత చెరువుగట్టు చింతచెట్ల క్రిందుగా ఒంటరిగా పోరు. పోవలసి వచ్చినయెడల కీర్తన పాడుకొనుచు పోవుదురు. నేనును అట్లు పాడుకొనుచు పోయినవాడనే. ఆ కీర్తన దేవుని స్తుతించుటకా, నా ధైర్యము కొరకా అని ఆ చీకటిలో ఎవరైన అడిగియుండినయెడల నేను జవాబు చెప్పలేకపోయి యుందును.

గత సంవత్సరము అక్టోబరు నెలలో స్కాట్లండు దేశపు ముఖ్యపట్టణమైన ఎడింబరో చూచుటకు వెళ్లితిని. మా అన్నగారి కుమారుడు అక్కడ చదువుకొనుచున్నాడు. చేరిన రెండవ దినమున అతడు నవ్వుచు, “బాబాయ్, మీరు కాదనకపోతే ఈ సాయంత్రం దయ్యాల టూరుకు వెళ్దాం” అనెను. ఆ పట్టణములో అది ఒక వినోదము. చీకటి పడిన తరువాత టిక్కెట్టు కొనినవారిని ఒక గైడు పాత వీధులలోను, నేలమాళిగలలోను, సమాధుల దొడ్డిలోను త్రిప్పుచు, చచ్చినవారిని గూర్చి భయంకరమైన కథలు చెప్పును. మన ఊళ్లలో డబ్బిచ్చి భయమును పోగొట్టుకొనజూతురు. అక్కడ డబ్బిచ్చి భయమును కొనుక్కొందురు! దైవసేవకుడు పోదగిన చోటేనా అని కొంతసేపు ఆలోచించితిని. చచ్చినవారిని పిలుచుట గాని విచారణ చేయుట గాని అందులో లేదు, కథలు వినుటయే. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము నిషేధించినది వేరు. కనుక వెళ్లితిని.

మేము ఇరువది మందిమి సెయింట్ జైల్స్ దేవాలయము దగ్గర కూడుకొంటిమి. కొండమీది కోట మొదలుకొని క్రింద రాజభవనము వరకు సుమారు ఒక మైలు పొడవున దిగు వీధికి అది నడిమి చోటు. జాన్ నాక్సు బోధించినది ఆ దేవాలయములోనే. ఆ సంస్కర్త 1572లో మరణించగా అక్కడి సమాధుల స్థలములోనే పాతిపెట్టిరి. ఇప్పుడు ఆ స్థలము కార్లు నిలుపు చోటు. 23వ నంబరు గడిలో ఒక గుర్తు పెట్టియున్నారు. ఆయన సమాధి ఆ చుట్టుప్రక్కల నున్నదని చెప్పుదురు. చిత్రమేమనగా, సమాధిమీద కార్లు నిలిపినను నాక్సు దయ్యమై తిరుగుచున్నాడని ఎవరును చెప్పగా నేను వినలేదు.

మా గైడు నల్లని అంగీ తొడిగి, చేత లాంతరు పట్టుకొని నడచెను. ప్రధాన వీధికి ఇరుప్రక్కల సందులు దిగుచున్నవి, వాటిని క్లోజులందురు. ప్రహరీ లోపల స్థలము చాలక పూర్వులు ఇండ్లమీద ఇండ్లు కట్టిరి. అడుగున బీదవారు, పైన గాలియు వెలుతురును ఉన్నచోట కలిగినవారు కాపురముండిరి. ఆ సందులలో ఒకదానికి మేరీ కింగు అను విధవరాలైన వర్తకురాలి పేరు నిలిచియున్నది. తరువాతి కాలమున దానిమీద పెద్ద భవనము కట్టగా సందు భూమి క్రింద నుండిపోయెను. 1645లో తెగులు వచ్చినప్పుడు రోగులను లోపలనుంచి గోడ కట్టివేసిరనియు, వారు ఇంకను ఏడ్చుచున్నారనియు ఒక కథ కలదు. అది నిజము కాదు. పట్టణాధికారులు రోగుల ఇండ్లకు ఆహారము పంపిరి, వైద్యుని నియమించిరి. ఇది గైడు చెప్పలేదు, మా అబ్బాయి నా చెవిలో చెప్పెను. కథకు గోడ కావలెను గాని రొట్టె అక్కరలేదు గదా!

అక్కడనుండి మమ్మును సౌత్ బ్రిడ్జి అను వంతెన క్రిందికి తీసికొనిపోయెను. ఆ వంతెన 1788లో పూర్తియాయెను. దానికి 19 కమానులు గలవు గాని రెండు ప్రక్కల ఇండ్లు కట్టుటచేత ఒక్కటి మాత్రమే పైకి కనబడును. తక్కిన కమానుల లోపల గదులు చేసి, చెప్పులు కుట్టువారు, సరకులు దాచువారు, సారాయి అమ్మువారు వాడుకొనిరి. పైనుండి నీరు కారుచుండుటవలన వ్యాపారులు విడిచిపోయిరి. వారు వదలిన ఆ చీకటి గదులలో, కిటికీ గాని పొగ పోవు త్రోవ గాని లేనిచోట, పట్టణములోని నిరుపేదలు బిడ్డలతో కాపురముండిరి. తరువాత ఆ గదులను మట్టితో పూడ్చివేయగా, 1980 తరువాతనే మరల త్రవ్వి తీసిరి.

లాంతరు ఆర్పివేసి గైడు కథ చెప్పుచుండగా నా వెనుకనున్న ఒక చిన్నది కెవ్వున కేక వేసెను. ఎవరో మెడ తాకిరనెను. ప్రియులారా, దాచుట ఎందుకు? నా రోమములును నిక్కబొడిచినవి. ఏబది ఏండ్లుగా బైబిలు చదువుచున్న నాకు ఆ క్షణమున ఒక్క వాక్యమును జ్ఞాపకము రాలేదు. మా ఊరి చింతచెట్టు జ్ఞాపకము వచ్చెను.

పైకి వచ్చిన తరువాత మా అబ్బాయి ఒక సంగతి చెప్పెను. 2001లో రిచర్డు వైజ్‌మన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఈ గదులలోనే ఒక పరీక్ష జరిపెనట. ఏ గదికి దయ్యమను పేరున్నదో తెలియనివారిని సహితము రెండు వందల మందికి పైగా లోపలికి పంపి, వారికి కలిగిన అనుభవములను వ్రాయించెను. చలి, ఎవరో చూచుచున్నట్లుండుట, అడుగుల చప్పుడు మొదలైనవి వ్రాసినవారు అనేకులు. దయ్యమను పేరున్న గదులలోనే అవి ఎక్కువగా కలిగెను. ఆ గదులను కొలిచి చూడగా, గది పరిమాణమునకును, లోపల వెలుపల నుండు వెలుతురు భేదమునకును ఈ అనుభవములతో సంబంధము కనబడెను. అనగా వారు అబద్ధమాడలేదు; నిజముగానే వారికి భయము కలిగెను. కాని భయము కలిగినంతమాత్రాన దయ్యమున్నదని కాదు. ఈ భేదమును మన తల్లిదండ్రులు మనకు నేర్పియుండినయెడల మన ఊళ్లలో ఎంత కీడు తప్పియుండును!

లూకా 24వ అధ్యాయములో శిష్యులు లేచిన ప్రభువునే చూచి భూతమనుకొనిరి. ఆయన వారిని కోపపడి వెళ్లగొట్టలేదు. చేతులును కాళ్లును చూపెను, తాకి చూడుడనెను. అప్పటికిని వారు నమ్మలేకపోగా, తినుటకేమైన ఉన్నదా అని అడిగి, కాల్చిన చేప ముక్కను వారియెదుట తినెను. భయపడినవారికి ప్రభువు ఇచ్చిన మందు వాదము కాదు. చూచి, తాకి, పరీక్షించి తెలిసికొనుటకు అవకాశము. పరీక్షించుట అవిశ్వాసము కాదని గ్రహించుదము.

చివరగా గ్రేఫ్రయర్స్ దేవాలయపు సమాధుల దొడ్డికి పోతిమి. 1638 ఫిబ్రవరి 28న రాజు తమ ఆరాధనలో చేయి పెట్టకూడదని స్కాట్లండు ప్రజలు ఒక నిబంధన పత్రముమీద సంతకములు మొదలుపెట్టినది ఇక్కడనే. నలువది ఏండ్ల తరువాత, 1679లో, ఆ నిబంధన పక్షమువారు యుద్ధములో ఓడిపోగా సుమారు 1200 మంది ఖైదీలను ఈ దొడ్డి ప్రక్కనున్న బయలులో ఆకాశము క్రింద నెలల తరబడి కాపలా పెట్టి యుంచిరి. కొందరు చచ్చిరి. కొందరు ప్రమాణపత్రమునకు లోబడి విడుదల పొందిరి. మిగిలినవారిలో సుమారు 250 మందిని అమెరికా దిక్కున దాసులుగా పంపుటకు ఓడ ఎక్కించగా, ఆ డిసెంబరు నెలలోనే ఓడ ఉత్తర ద్వీపముల దగ్గర పగిలి సుమారు 200 మంది మునిగిపోయిరి. వారి పక్షమువారిని అంతగా హింసించిన రాజ న్యాయవాది జార్జి మెకంజీ 1691లో మరణించగా, అదే దొడ్డిలో నల్లని గుమ్మటము గల సమాధిలో ఉంచిరి. హింసించినవాడును హింసింపబడినవారును ఒకే గోడలోపల!

1998లో నిలువనీడ లేని ఒకడు చలికి తాళలేక ఆ గుమ్మటములో దూరెనట. అది మొదలు మెకంజీ దయ్యము లేచినదని పుకారు పుట్టెను. వచ్చినవారికి గీతలు పడినవనియు, మూర్ఛలు వచ్చినవనియు చెప్పుదురు. పురపాలకులు ఆ భాగమునకు తాళము వేసిరి. గైడుతో వచ్చినవారిని మాత్రమే లోపలికి పోనిత్తురు. మేమును పోయితిమి. నన్నెవరును గీరలేదు.

ఆ దొడ్డిలో నేను చూచినవాటిలో నన్ను ఎక్కువగా ఆపినవి కొన్ని సమాధులమీద బిగించిన ఇనుప బోనులు. చచ్చినవారు లేచి రాకుండుటకు పెట్టినవి కావు. బ్రతికినవారు రాత్రివేళ వచ్చి శవములను త్రవ్వి, వైద్య విద్యాలయములకు అమ్మకుండుటకు పెట్టినవి. 1828లో ఆ పట్టణములోనే బర్కు, హేరు అను ఇద్దరు సమాధులు త్రవ్వు శ్రమ కూడ మానివేసి, దిక్కులేనివారికి సారాయి త్రాగించి, ఊపిరాడకుండ చేసి చంపి, శవములను అమ్మిరి. పదునారుగురు చనిపోయిరి. మరుసటి సంవత్సరము బర్కును ఉరితీసిరి. అతని అస్థిపంజరమును విశ్వవిద్యాలయములో ఇప్పటికిని ఉంచియున్నారు. ఆ రాత్రి విన్న కథలన్నిటిలోను తప్పక జరిగినవని చెప్పదగినవి ఇట్టివే. దయ్యము గీరెనో లేదో ఎవరు చెప్పగలరు? మనుష్యులు మనుష్యులకు చేసినది మాత్రము న్యాయస్థానపు పుస్తకములలో వ్రాయబడియున్నది.

మరునాటి ఉదయమున నేనొక్కడనే కోట దగ్గరకు వెళ్లితిని. కోటముందరి బయలుకు చేరువగా ఒక గోడకు చిన్న నీటితొట్టి అమర్చబడియున్నది. మంత్రగత్తెలని ఆ కొండమీద చంపబడినవారి జ్ఞాపకార్థము 1894లో పెట్టించినది. జనులు దానిని చూడకయే పోవుచున్నారు.

స్కాట్లండులో 1563 మొదలు 1736 వరకు మంత్రవిద్యకు మరణశిక్ష విధించు చట్టముండెను. ఎడింబరో విశ్వవిద్యాలయమువారు పాత దస్తావేజులు వెదకి, నేరము మోపబడినవారిని లెక్కించగా 3837 మంది తేలిరి. నూటికి ఎనుబది మందికి పైగా స్త్రీలు. సాధారణముగా గొంతు బిగించి చంపి, పిమ్మట దేహమును కాల్చుచుండిరి. వారిలో ఆగ్నెసు శాంప్సను అనునామె నాటువైద్యము చేయుచు, కాన్పులు పోయుచు బ్రతికినది. మన భాషలో మంత్రసాని అను మాటలోనే మంత్రము దాగియున్నది గదా. మేలు చేయు చేతినే కీడు చేయు చెయ్యిగా అనుమానించుట ఎంత సులభమో చూడుడు. రాజైన ఆరవ జేమ్సు పెండ్లికుమార్తెను తీసికొని సముద్రముమీద వచ్చుచుండగా తుపానులు రేగెను. ఈమె మంత్రము చేయుటచేతనే రేగెనని నేరము మోపిరి. రాజు తానే విచారించెను. తల గొరిగి, నిద్రపోనియ్యక బాధింపగా ఆమె ఒప్పుకొనెను. 1591 జనవరిలో ఆ కొండమీద చంపిరి. ఆ రాజే 1597లో దయ్యములను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను; పిమ్మట ఇంగ్లండునకు రాజు కాగా, 1611లో వెలువడిన ఇంగ్లీషు బైబిలునకు అతని పేరే నిలిచెను. బైబిలును గౌరవించుటకును, పొరుగువారిమీద అట్టి నేరము మోపుటకును ఒకే మనుష్యునిలో చోటుండుట సాధ్యమని ఇందువలన తెలియుచున్నది.

మనలను తలవంచుకొనజేయు సంగతి ఇంకొకటి కలదు. ఫలానా ఆమెమీద అనుమానమున్నదని మొదట విని, సాక్ష్యములు కూర్చి, అధికారులకు పంపినవారు అనేక చోట్ల సంఘ పెద్దలే. పాదిరియు పెద్దలును కూర్చుండు సభయే విచారణ సభ. నిర్గమకాండము 22:18ని వారు చేతబట్టుకొనిరి. అదే అధ్యాయములో నాలుగు వచనముల తరువాత విధవరాలిని బాధపెట్టకూడదను ఆజ్ఞ యున్నది. అంతవరకు చదువలేదు కాబోలును.

ఇప్పుడు ఆ నల్లని గుమ్మటములోని మెకంజీ యొద్దకు మరల వత్తము. ఇంటికి వచ్చిన తరువాత అతనిని గూర్చి చదువగా నాకు ఆశ్చర్యము కలిగెను. నిబంధనవారిపట్ల అంత కఠినుడైన అతడే, మంత్రగత్తెలని పట్టబడినవారి విషయమై ఆ కాలపు పాదిరులకంటె ఎక్కువ న్యాయము చూపెను. 1678లో అచ్చువేసిన తన ధర్మశాస్త్ర గ్రంథములో, వీరిలో అనేకులు ఏమియు ఎరుగని బీదవారనియు, బాధపెట్టి రాబట్టిన ఒప్పుకోలు నమ్మదగినది కాదనియు వ్రాసెను. ఒక స్త్రీ చెరసాలలో తనతో రహస్యముగా చెప్పిన మాటను కూడ వ్రాసెను. తాను నిర్దోషినే అనియు, అయినను ఒప్పుకొంటిననియు ఆమె చెప్పెనట. కారణమేమనగా, కూలి చేసికొని బ్రతుకు తనకు మంత్రగత్తె అను పేరు వచ్చినది. ఇక ఎవరును అన్నము పెట్టరు, చోటియ్యరు, అందరును కొట్టుదురు, కుక్కలను ఉసికొల్పుదురు. కాబట్టి ఈ లోకమునుండి పోవుటయే మేలని తలంచినది. మోకాళ్లమీద పడి, తాను చెప్పినది నిజమని దేవుని సాక్షిగా పెట్టెనట.

ఈ భాగము చదివి పుస్తకము మూసితిని. ఆ స్త్రీని నేనెరుగుదును.

నేను సువార్తికునిగా క్రొత్తగా నియమింపబడిన దినములలో ఒక గ్రామ సంఘములో ముసలి విధవరాలు ఒకతె ఉండెను. పిల్లలకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు ఆకుపసరు ఇచ్చుచుండెడిది. ప్రక్క ఇంటి బాలునికి జ్వరము వచ్చి, మూడవ దినమున కడుపు ఉబ్బి చనిపోయెను. ఆస్పత్రికి తీసికొనిపోలేదు. బిడ్డ తల్లి దుఃఖములో, ఆమె చూపు పడినదనెను. వారము తిరుగకమునుపే అది చేతబడిగా మారెను. సంఘములోనివారు నాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, ఆమె బల్లకు వస్తే మేము రాము” అనిరి. నేను ఆమె ఇంటికి పోలేదు. దేవాలయము బయట వేపచెట్టు క్రింద నిలువబెట్టి, “అవ్వా, కొన్నాళ్లు ఇంటి దగ్గరే ప్రార్థన చేసుకో, అంతా సర్దుకుంటుంది” అంటిని. ఆమె “సరే అయ్యా” అనెను. ఎందుకని అడుగలేదు. సంఘము చీలిపోకుండ కాపాడితినని నేను తలంచుకొంటిని. నా మాటతో ఊరివారికి ముద్ర దొరికినది: అయ్యగారే వద్దన్నారని చెప్పుకొనిరి. పంపు దగ్గర ఆమె బిందెను ప్రక్కకు నెట్టిరి. నాట్లకు పిలుచుట మానిరి. రెండు నెలలలో ఆమె గుడిసెకు తడిక కట్టి కూతురి ఊరికి వెళ్లిపోయెను. అక్కడనే మరణించెను. పాతిపెట్టినప్పుడు నేను లేను.

చేతబడి, బాణామతి అను అనుమానముతో మనుష్యులను చెట్టుకు కట్టి కొట్టుట, పండ్లు ఊడగొట్టుట, ప్రాణములు తీయుట మన తెలుగు జిల్లాలలో జరిగినవే. వార్తాపత్రిక చదువువారికి తెలియును. బీహారులో 1999లోను, జార్ఖండులో 2001లోను ఒకరిని మంత్రగత్తె అని పిలుచుటే నేరమని చట్టములు చేయవలసి వచ్చెను. నా ఊరిలో ఎవరును ఆమెను కొట్టలేదు గదా అని నేను చాల ఏండ్లు నన్ను ఓదార్చుకొంటిని. మెకంజీతో మాటలాడిన ఆ స్త్రీ భయపడినది మంటకు కాదు, ఎవరును అన్నము పెట్టరనుటకే.

ఏన్దోరు స్త్రీని గూర్చిన భాగమును ఈ వెలుగులో మరల చదువుడి. కర్ణపిశాచము గలవారిని దేశములోనుండి వెళ్లగొట్టినవాడు సౌలే. వేషము మార్చుకొని రాత్రివేళ అట్టిదానియొద్దకే పోయినవాడును సౌలే. ఆమె చేసిన పనిని దేవుని వాక్యము మెచ్చుకొనదు; మనమును మెచ్చుకొనము. కాని అధ్యాయపు చివర చూడుడి. రాజు నేలపడి, ఆ దినమంతయు భోజనము లేక బలహీనుడై యుండగా, అతనికి భయపడి దాగియుండవలసిన ఆ స్త్రీయే తనకున్న క్రొవ్విన పెయ్యను వధించి, పొంగని రొట్టెలు కాల్చి, అతనికి పెట్టెను. ఆ రాత్రి సౌలునకు అన్నము పెట్టినవారు వేరెవరును లేరు. ఈ వచనములను మన ప్రసంగములలో దాటిపోవుచుందుము. నేనును ఎన్నియో సారులు దాటిపోతిని.

మార్కు 5వ అధ్యాయములోని మనుష్యుడు నిజముగానే దయ్యములు పట్టినవాడు, సమాధులలోనే కాపురము. ఊరివారు అతనికి సంకెళ్లు తెచ్చిరి. ప్రభువు అతని పేరు అడిగెను. స్వస్థుడైన తరువాత వెంట వత్తునని బతిమాలినను, నీ ఇంటివారియొద్దకు పొమ్మని పంపెను. దయ్యము నిజముగా ఉన్నచోటను ప్రభువు మనుష్యుని ఊరిలోనుండి వెళ్లగొట్టలేదు, ఊరిలోనికి పంపెను. నేను చేసినది దీనికి తలక్రిందులు.

ఎడింబరో కోట కొండకు దిగువనే సంఘ మహాసభ కూడు భవనమున్నది. 1910లో లోకమంతటి మిషనెరీ మహాసభ అక్కడ జరిగినప్పుడు, అప్పటికి దోర్నకల్లు మిషనులో సేవ చేయుచుండిన వి. ఎస్. అజరయ్యగారు మాటలాడి, మిషనెరీలు దానధర్మములతో తృప్తిపడక తమతో సమానముగా స్నేహము చేయవలెనని నిర్భయముగా అడిగెను. రెండేండ్లకు ఆయన దోర్నకల్లు బిషప్పు ఆయెను. స్కాట్లండు సంఘపు మహాసభ 2022 మే నెలలో, మంత్రగత్తెలని చంపబడినవారి విషయమై తమ పూర్వులు చేసిన పాపమునకు క్షమాపణ చెప్పెను. అదే సంవత్సరము మార్చి 8న అక్కడి ప్రభుత్వ ముఖ్యమంత్రి శాసనసభలో క్షమాపణ చెప్పియుండెను. చచ్చినవారికి ఆ మాట వినబడదు, ప్రయోజనమేమి అని కొందరు అడిగిరట. నాకును మొదట అట్లే తోచెను.

తిరిగివచ్చిన తరువాత ఆ విధవరాలి కుమార్తె ఊరు విచారించి వెళ్లితిని. ఆమెయు ఇప్పుడు ముసలిదైనది. మంచము వాల్చి, చెంబుతో నీళ్లిచ్చి, నేను త్రాగుదునా లేదా అని చూచుచు నిలువబడెను. త్రాగితిని. నేను చేసినది చెప్పితిని. ఆమె చాలసేపు ఊరకుండి, “అమ్మను బల్లకు రావద్దన్న ఆదివారం మీరు మా ఇంటికి వచ్చుంటే బాగుండేదయ్యా” అనెను. మరి యేమియు అనలేదు. వెళ్లునప్పుడు గుమ్మము వరకు వచ్చెను.

కూటములలో ఈ పాఠము నేర్పువారికి ఒక మాట. దయ్యములున్నవా లేవా అను వాదముతో గంట గడపవద్దు. 1 సమూయేలు 28ని చివర వచనము వరకు బిగ్గరగా చదివించుడి. మన ఊరిలో ఎవరి ఇంట మంచినీళ్లు త్రాగుటకు మనము జంకుచున్నాము అని అడిగి, ఎవరి పేరును పైకి చెప్పనియ్యక, ప్రతివారు తమలో తాము తలంచుకొనునట్లు కొంతసేపు మౌనముగా ఉండనియ్యుడి. ఒకరిమీద చేతబడి మాట పుట్టినదని వినినయెడల, ఆ దినమే, చీకటి పడకమునుపే, పాదిరిగారును ఇద్దరు పెద్దలును వారి ఇంటికి పోయి, అక్కడ కూర్చుండి భోజనము చేయవలెను. ఊరివారు చూచునట్లు చేయవలెను. బెదిరింపు ఉన్నయెడల 112కు ఫోను చేయుటకు సంఘ గౌరవమును అడ్డుపెట్టుకొనవద్దు. ఆ మాట పుట్టించిన ఇంటికిని పోవలెను. అక్కడ సాధారణముగా ఒక బిడ్డ జబ్బుగా పడియుండును. ప్రార్థన చేసి, 108ని పిలిచి, తల్లితో కూడ మీలో ఒకరు ఆస్పత్రి వరకు పోవలెను.